రక్తపు గడ్డకు తరగతి తెలియదు



వేసవి సమీపిస్తున్నదంటే నన్ను తప్పక వెతుక్కుంటూ వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. "డాక్టరు గారూ, అమ్మానాన్నలను అమెరికాకు పిలిపించుకుంటున్నాం. ఎకానమీలో అంతసేపు కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుందట కదా! బిజినెస్ క్లాసు టికెట్టు తీయమంటారా?" ఇది పిల్లల ప్రశ్న. పెద్దలు ఇదే ప్రశ్నను మరొక విధంగా అడుగుతారు. "అంత డబ్బు పోసి ఆ సీటు కొనకపోతే ప్రాణానికే ముప్పంటున్నారు. అయితే ఈ ఏటికి మానుకుంటాం లెండి."

మొదటి ప్రశ్నలో ప్రేమ ఉంది. రెండవదానిలో భయం ఉంది. ఆ ప్రేమనూ ఆ భయాన్నీ ఆసరా చేసుకొని ఒక అర్ధసత్యం మన ఇళ్ళలో స్థిరపడిపోయింది. ఖరీదైన సీటు ప్రాణరక్షణ చేస్తుందని, చవక సీటు ప్రాణం తీస్తుందని ఆ అర్ధసత్యపు సారాంశం. దానిని ఖండించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా మాట మొదటే స్పష్టంగా చెబుతాను. బిజినెస్ క్లాసు సీటు ఒక సుఖం. అది ఔషధం కాదు. సుఖంగా భావించి, స్తోమత ఉండి కొనుక్కునేవారితో నాకే పేచీ లేదు. దానిని ఔషధంగా ప్రచారం చేసేవారితోనే నా తగవు. ఆ ప్రచారకులలో ట్రావెల్ ఏజెంట్లు ఉన్నారు, బంధువులు ఉన్నారు, మా వైద్యులూ ఉన్నారు. వైద్యులలో మొదటి ముద్దాయిని నేనే కనుక, ముందు నా నేరం ఒప్పుకొని తరువాత వాదానికి వస్తాను.

అర నిమిషపు సలహా

పన్నెండేళ్ళ క్రితం నాటి మాట. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకరు నా వద్దకు వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళ వయస్సు. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. మోకాళ్ళలో కొంత అరుగుదల, ఒక పిక్క మీద కాస్త ఉబ్బిన సిరలు. అంతకు మించి జబ్బు లేదు. అమెరికాలో కుమార్తెకు తొలి కాన్పు, భార్యాభర్తలిద్దరూ బయలుదేరుతున్నారు. పరీక్షించి, మందులు రాసి ఇచ్చాను. లేవబోతూ ఆయన "ప్రయాణంలో ఏమైనా జాగ్రత్తలు చెబుతారా?" అని అడిగారు.

బయట పదిమంది రోగులు వేచి ఉన్నారు. నేను తల ఎత్తకుండానే, "వీలైతే బిజినెస్ క్లాసులో వెళ్ళండి మాస్టారూ. కాళ్ళు ముడుచుకొని అన్ని గంటలు కూర్చోవడం మీకు మంచిది కాదు" అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "అలాగేనండి" అని వెళ్ళిపోయారు.

ఆ కాన్పుకు ఆయన వెళ్ళలేదు. భార్య ఒక్కరే వెళ్ళి వచ్చారు. మరి రెండేళ్ళకు మాస్టారు పక్షవాతంతో మరణించారు. పెద్దకర్మ నాడు పలకరించడానికి వెళ్ళినప్పుడు ఆ తల్లి నాతో అన్న మాటలు ఇవి: "మీరు చెప్పారని ఆగిపోయారండి. అంత డబ్బు అల్లుడి చేత పెట్టించలేనన్నారు. మామూలు సీటులో వెడితే డాక్టరు గారి మాట కాదన్నట్లవుతుందన్నారు. మనవణ్ణి ఫోనులో చూసుకొనేవారు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. కొనలేని మందును రోగికి రాసి ఇవ్వడం ఒక తప్పు. అసలు మందే కానిదానిని మందని రాసి ఇవ్వడం అంతకంటె పెద్ద తప్పు. నేను అర నిమిషంలో ఆ రెండు తప్పులూ చేశాను. ఆ రోజు ఇంటికి వచ్చి, నేను అంత ధీమాగా చెప్పిన మాటకు ఆధారమేమిటో వెతకడం మొదలుపెట్టాను.

పేరులోనే పొరపాటు

కాలి లోపలి సిరలలో రక్తం గడ్డకట్టడాన్ని డీప్ వీన్ త్రాంబోసిస్ అంటాము. ఆ గడ్డ తెగి, రక్తంతో పైకి ప్రయాణించి, ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడితే అది పల్మనరీ ఎంబాలిజం. ప్రాణాపాయం ఈ రెండవ దశలో ఉంటుంది. ఇది నిజమైన జబ్బే. నేను కాదనేది జబ్బును కాదు, దానికి తగిలించిన పేరును.

1940లో లండన్ నగరంపై జర్మన్ విమానాలు బాంబులు కురిపిస్తున్నప్పుడు ప్రజలు రాత్రుళ్ళు భూగర్భ ఆశ్రయాలలో తలదాచుకున్నారు. మడత కుర్చీలలో కూర్చొనే నిద్రపోయేవారు. ఆ రోజులలో ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడి మరణించేవారి సంఖ్య పెరగడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గుర్తించి, లాన్సెట్ పత్రికలో రాశాడు. కుర్చీ అంచు మోకాలి వెనుక సిరలను నొక్కడమే కారణమని ఊహించాడు. అక్కడ విమానం ఆకాశంలో ఉంది. జబ్బుపడినవారు నేల కింద ఉన్నారు.

1954లో అమెరికా శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్ చాలాసేపు కూర్చోవడం వలన కాళ్ళలో గడ్డలు ఏర్పడిన కొందరి వివరాలు ప్రచురించాడు. వారిలో విమానంలో ప్రయాణించినవారితో పాటు కారులో వెళ్ళినవారు, నాటకశాలలో కూర్చున్నవారు కూడా ఉన్నారు. అనగా, దోషం వాహనానిది కాదు, కదలకపోవడానిది.

ఇంత తెలిసి ఉండి కూడా 1977లో ఒక వైద్య వ్యాసంలో "ఎకానమీ క్లాస్ సిండ్రోమ్" అనే పేరు పుట్టింది. 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియా నుంచి లండన్ చేరుకున్న 28 ఏళ్ళ యువతి ఇటువంటి గడ్డతో మరణించినప్పుడు ఆ పేరు ప్రపంచమంతటా పత్రికలకెక్కింది. అప్పటినుంచి ఈ జబ్బు చవక టికెట్టు జబ్బయి కూర్చుంది.

విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సు సుమారు పన్నెండు గంటలు నడుస్తుంది. అందులో కాళ్ళు వేలాడదీసి కూర్చున్న వృద్ధుని సిరలలోనూ రక్తం అదే విధంగా నిలిచిపోతుంది. దానికి "బస్సు సిండ్రోమ్" అని ఎవరూ పేరు పెట్టలేదు. కారణం సులభం. బస్సులో పక్కనే మూడింతల ధరకు అమ్ముకోదగిన మరొక తరగతి లేదు.

పరిశోధనలు చెప్పినది

రక్తం ఎందుకు గడ్డకడుతుందో పందొమ్మిదవ శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కోతో ముడిపడిన సూత్రం ఒకటి చెబుతుంది. రక్తప్రవాహం మందగించడం, రక్తనాళపు లోపలి గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే స్వభావం పెరగడం అనేవి మూడు కారణాలు. విమానంలో కూర్చున్నవారిలో ముఖ్యంగా పనిచేసేది మొదటిది. నడిచేటప్పుడు పిక్క కండరాలు సంకోచించి, సిరలలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. అందుకే పిక్కను రెండవ గుండె అంటారు. కూర్చుంటే ఆ రెండవ గుండె ఆగిపోతుంది. అది టికెట్టు ధర చూసి కొట్టుకోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తన పరిశోధన ఫలితాలను వెలువరించింది. నాలుగు గంటలకు మించిన ప్రయాణం ఈ గడ్డల ప్రమాదాన్ని సుమారు రెట్టింపు చేస్తుందని తేలింది. విమానానికే కాదు, రైలు, బస్సు, కారులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. అయితే ఆ రెట్టింపు ప్రమాదం ఎంత? ఆరోగ్యవంతులలో నాలుగు గంటలకు మించిన ఒక్కొక్క విమాన ప్రయాణానికి సుమారు 6,000 మందిలో ఒకరికి. "రెట్టింపు" అనే మాట వినిపించినంత గట్టిగా "ఆరువేలలో ఒకటి" అనే మాట వినిపించదు. భయానికి అమ్మకపు విలువ ఎక్కువ.

మరి సీటు తరగతి సంగతి? 2003లో న్యూజిలాండ్ పరిశోధకులు దీర్ఘప్రయాణాలు చేసిన 878 మందిని పరిశీలించారు. తొమ్మిదిమందిలో గడ్డలు కనిపించాయి. ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు పూర్తిగా బిజినెస్ క్లాసులోనే ప్రయాణించినవారు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో రెండు తరగతుల ప్రయాణికులను పోల్చి చూసిన అధ్యయనంలోనూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. తరువాత నెదర్లాండ్స్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో బిజినెస్ క్లాసువారిలో ప్రమాదం కాస్త తక్కువగా కనిపించిన మాట నిజం. కాని ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చునని కొట్టిపారేయదగినంత స్వల్పం. అదే అధ్యయనంలో స్పష్టంగా తేలినది మరొకటి ఉంది: కిటికీ పక్క కూర్చున్నవారిలో, అందునా స్థూలకాయులలో, ప్రమాదం ఎక్కువ. కిటికీ పక్కన కూర్చున్నవారు పక్కవారిని లేపలేక, తామూ లేవరు.

2012లో అమెరికాలోని ఛాతీ వ్యాధి నిపుణుల సంఘం తన మార్గదర్శకాలను ప్రకటిస్తూ, "ఎకానమీ క్లాస్ సిండ్రోమ్" అనే భావనకు తగిన ఆధారం లేదని తేల్చి చెప్పింది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఆ సంఘం సూచించినవి ఏమిటి? తరచు లేచి నడవడం, పిక్కలకు వ్యాయామం, వీలైతే నడవ పక్క సీటు, మోకాలి వరకు వచ్చే సరైన కొలత కంప్రెషన్ స్టాకింగ్స్. ఈ నాలుగింటిలో మొదటి రెండూ ఉచితం. మూడవది సీటు ఎంచుకోవడానికి చెల్లించే స్వల్ప రుసుముతో దొరుకుతుంది. నాలుగవది మందుల దుకాణంలో దొరికే మేజోళ్ళ జత.

ప్రత్యర్థుల వాదాలు

ఒకటి: "పడుకోగలిగిన సీటులో కాళ్ళు సమతలంగా ఉంటాయి కదా! వాపు రాదు, నిద్ర పడుతుంది." ఒప్పుకుంటున్నాను. కాళ్ళు వేలాడకపోతే పాదాల వాపు తగ్గుతుంది. నిద్ర పట్టినవాడు మరునాడు తేరుకొని ఉంటాడు. నడుము నొప్పి ఉన్నవారికి అది గొప్ప ఉపశమనం. కాని ఇవన్నీ సుఖాలు. పైగా ఆ పరుపు మీద ఎనిమిది గంటలు కదలకుండా నిద్రపోయినవారి పిక్కలూ పనిచేయవు. నిద్రమాత్ర వేసుకొని పడుకుంటే మరీ కదలరు. ఆ తరగతిలో అడగకుండానే అందే మద్యం మరొక సమస్య. విమానంలోని వాయుపీడనంలో మద్యం సేవించి నిద్రిస్తే రక్తంలో ప్రాణవాయువు శాతం గణనీయంగా పడిపోతుందని, గుండె వేగం పెరుగుతుందని జర్మనీ పరిశోధకులు 2024లో చూపించారు.

రెండు: "ముందు భాగంలో గాలి బాగుంటుంది." ఉండదు. విమానం లోపలి వాయుపీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తైన కొండ మీద ఉన్నట్లుగా ఉంటుంది. గాలిలో తేమ ఇరవై శాతానికి లోపే. ఈ రెండూ విమానమంతటికీ ఉమ్మడి. రెండు తరగతుల నడుమ వేలాడే తెర చూపును ఆపగలదు కాని, వాయుపీడనాన్ని ఆపలేదు. గుండె బలహీనంగా ఉన్నవారికి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ పీడనమే అసలు పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గుతారో లేదో వైద్యుడు ముందే చూడాలి. తట్టుకోలేనివారు ఏ సీటులోనూ వెళ్ళకూడదు. తట్టుకోగలవారు ఏ సీటులోనైనా వెళ్ళవచ్చు.

మూడు, అన్నింటికంటె బలమైనది: "ప్రాణానికి వెల కడతారా?" కట్టను. కాని లెక్క వేస్తాను. మా అబ్బాయి మాకిద్దరికీ టికెట్లు చూసినప్పుడు రాకపోకలకు మనిషికి సుమారు మూడు లక్షల రూపాయల తేడా చెప్పాడు. ఒక వైపు ప్రయాణానికి లక్షన్నర. ఆరువేలమందిలో ఒకరికి వచ్చే గడ్డను ఆ సీటు నూటికి నూరుపాళ్ళు ఆపుతుందనే అనుకుందాం. అయినా ఒక్క గడ్డను ఆపడానికి ఆరువేలమంది కలిసి పెట్టే ఖర్చు 90 కోట్ల రూపాయలు. వృద్ధులలో ప్రమాదం అయిదింతలు ఉంటుందని అనుకున్నా 18 కోట్లు. అదే గడ్డను చాలావరకు ఆపగల మేజోళ్ళు, నడక, నీళ్ళు వందలలోనో, ఉచితంగానో దొరుకుతుండగా, ఈ ఖర్చును వైద్యం అనడం వైద్యశాస్త్రానికే అవమానం.

నాలుగు: "అయితే విమానసంస్థలు సీట్లను ఎంత ఇరుకు చేసినా ఫరవాలేదంటారా?" కానే కాదు. ఇక్కడ నా కోపం మరింత ఎక్కువ. బోయింగ్ 777 విమానం తొలినాళ్ళలో ఎకానమీలో వరుసకు తొమ్మిది సీట్లు ఉండేవి. నేడు అనేక సంస్థలు అదే వెడల్పులో పది ఇరికిస్తున్నాయి. ఎనిమిది సీట్లకు అనువుగా రూపొందిన బోయింగ్ 787లో తొమ్మిది పెడుతున్నాయి. సీట్ల కనీస కొలతలు నిర్ణయించాలని 2018లో అమెరికా చట్టం చేసింది. ఆ దేశపు విమానయాన అధికారులు 2022లో ప్రజాభిప్రాయం సేకరించారు. కొలతలు తేల్చమని ప్రయాణికుల సంఘం ఒకటి కోర్టుకు వెళితే 2023లో ఆ పిటిషన్ వీగిపోయింది. వెనుక భాగాన్ని ఇరుకు చేసి, ఆ ఇరుకు నుంచి తప్పించుకోవడానికి ముందు భాగాన్ని అమ్మడం మంచి వ్యాపారమే. దానికి వైద్యుడు వంత పాడనవసరం లేదు. "బిజినెస్‌లో వెళ్ళండి" అనే ప్రతి వైద్యుడూ, "వెనుక ఉన్నవారి సంగతి మాకు పట్టదు" అని కూడా చెబుతున్నట్లే. మోకాళ్ళు ముందు సీటుకు తగలకుండా కూర్చోవడం ప్రతి ప్రయాణికుని కనీస హక్కు కావాలి. అది అదనపు ధరకు అమ్మే సరకు కాకూడదు.

ఎవరికి తగును?

ఖరీదైన సీటు ఎన్నడూ తగదని నేను అనడం లేదు. మోకాలు వంచలేనివారికి, వెన్నెముక జబ్బుతో రెండు గంటలకు మించి కూర్చోలేనివారికి, చాలా పొడగరులకు, స్థూలకాయులకు దానివలన నిజమైన ప్రయోజనం ఉంది. దిగిన వెంటనే పనిలోకి దిగవలసినవారికీ ఉంది. వీరిలో కొందరికి బిజినెస్ క్లాసు దాకా అవసరం లేదు. కాళ్ళ ముందు మరి కొన్ని అంగుళాల చోటిచ్చే ప్రీమియం ఎకానమీ గాని, అదనపు చోటున్న వరుసలోని నడవ పక్క సీటు గాని సరిపోతుంది.

లోగడ కాలిలో గడ్డ వచ్చినవారు, ఈ మధ్య శస్త్రచికిత్స జరిగినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడేవారు ప్రత్యేక వర్గం. వీరికి సీటు కంటె వైద్యుని నిర్ణయం ముఖ్యం. కొందరికి ప్రయాణానికి ముందు రక్తం పలచబరిచే ఇంజెక్షన్ అవసరం కావచ్చు. కొందరికి ప్రయాణాన్నే వాయిదా వేయవలసి రావచ్చు. బిజినెస్ క్లాసు టికెట్టు కొన్నామనే ధీమాతో ఇటువంటివారు వైద్యుణ్ణి కలవకుండా విమానం ఎక్కడమే నేను అన్నింటికంటె భయపడే పరిణామం. తప్పుడు రక్షణ, రక్షణ లేకపోవడం కంటె ప్రమాదకరం.

ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి?

పిల్లలకు నా మాట. మీ వద్ద ఆ అదనపు మూడు లక్షలు ఉన్నాయా? మొదట మీ తల్లిదండ్రులకు మంచి ఆరోగ్య బీమా తీయండి. అమెరికాకు వచ్చే సందర్శకుల బీమాలలో చాలా వాటికి, ముందునుంచీ ఉన్న జబ్బుల విషయంలో పరిమితులు ఉంటాయి. చవకదానిని చూసి కొనకండి, షరతులు చదివి కొనండి.

ఎందుకు చెబుతున్నానంటే, గడ్డ ప్రమాదం విమానం దిగగానే ముగిసిపోదు. మొదటి రెండు వారాలలో అది ఎక్కువగా ఉండి, ఎనిమిది వారాలకు గాని మామూలు స్థితికి రాదు. ఆ రోజులలో ఒక కాలు మాత్రమే వాచినా, పిక్కలో నొప్పి వచ్చినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గులో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కాని మన తల్లులు ఏమి చేస్తారు? "ఇక్కడ ఆసుపత్రికి వెడితే పిల్లవాడి ఇల్లు గుల్లవుతుంది" అని కాలికి కొబ్బరినూనె రాసుకొని, దుప్పటి కప్పుకొని పడుకుంటారు. ఎంత ఖరీదైన సీటులో వచ్చిన తల్లినైనా చంపగలిగేది ఆ మౌనమే. బీమా ఉందని, ఏ చిన్న బాధ అయినా చెప్పమని వచ్చిన రోజునే ఆమెకు నచ్చజెప్పండి.

ఇక పెద్దలకు నా మాట. హైదరాబాదు నుంచి గల్ఫ్ నగరాలకు సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి డల్లాస్ వంటి నగరానికి దాదాపు పదహారు గంటలు. ఈ ప్రయాణానికి ఈ జాగ్రత్తలు చాలు.

నడవ పక్క సీటు ముందుగానే అడిగి తీసుకోండి. గంటకు ఒకసారి కూర్చున్నచోటనే మడమలు నేలకు ఆనించి వేళ్ళు పైకి, వేళ్ళు ఆనించి మడమలు పైకి, ఇరవైసార్లు ఆడించండి. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకు ఒకసారి లేచి, విమానం చివరిదాకా నడిచి రండి. చేతిసంచిని కాళ్ళ ముందు పెట్టుకోకండి. కాలు మీద కాలు వేసుకొని నిద్రపోకండి.

మూత్రానికి లేవవలసి వస్తుందని నీళ్ళు మానుకోకండి. మన స్త్రీలు పక్కవారిని లేపడానికి మొహమాటపడి, ముందునాటి సాయంత్రం నుంచే నీళ్ళు మానేయడం నాకు తెలుసు. నీళ్ళు తాగితే లేవాలి, లేస్తే నడవాలి. ఆ నడకే మందు.

ప్రమాదం ఉన్నవారు వైద్యుని సలహాతో కొలత తీయించి కంప్రెషన్ స్టాకింగ్స్ వేసుకోండి. నొప్పి తెలియని గడ్డలు కూడా వీటివలన బాగా తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు రుజువు చేశాయి. కాలి ధమనులలో రక్తప్రసరణ లోపం ఉన్నవారు, మధుమేహం వలన పాదాల స్పర్శ తగ్గినవారు మాత్రం అడగకుండా వేసుకోరాదు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగకండి. రక్తపోటు, మధుమేహం మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. ఇన్సులిన్ వాడేవారు కాలమానం మారినప్పుడు మోతాదు ఎలా సర్దుకోవాలో ముందే రాయించుకోండి.

మరొక్క మాట. ఇంగ్లీషు రాదనే బెదురుతో, దారి తెలియదనే భయంతో, నడవగలిగినవారు కూడా చక్రాల కుర్చీ కోరుకుంటున్నారు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కాని నాలుగు గంటలు కూర్చొని దిగినవారిని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, పదహారు గంటల కుర్చీలోకి చేరవేస్తే, మధ్యలో దొరికిన ఒక్క నడక అవకాశం పోతుంది. సహాయకుడిని కోరండి. దారి చూపితే చాలు, పక్కనే నడుస్తానని చెప్పండి. అది కుదరకపోతే, గేటు వద్ద దింపిన తరువాత అయినా పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడవండి.

చెప్పవలసి ఉండిన మాట

నా వృత్తిలోని సోదరులకు ఒక విన్నపం. రోగికి సలహా ఇచ్చే ముందు ఆ సలహా ధర ఎంతో మనకు తెలియాలి. ఖర్చుతో కూడిన సలహా ఇవ్వడం సులభం. అది మనకు శ్రద్ధ ఉన్నట్లు కనిపించేలా చేస్తుంది, బాధ్యతను రోగి జేబులోకి నెట్టేస్తుంది. పిక్కలు ఎలా ఆడించాలో చూపించడానికి మూడు నిమిషాలు పడుతుంది. "బిజినెస్‌లో వెళ్ళండి" అనడానికి మూడు క్షణాలు చాలు. నేను ఆ మూడు క్షణాలను ఎంచుకున్నాను.

నిరుడు నేనూ నా భార్యా మా అబ్బాయి దగ్గరకు వెళ్ళి వచ్చాము. ఎకానమీలో, నడవకు అటొకరు ఇటొకరు కూర్చున్నాము. నాకు డెబ్బై మూడేళ్ళు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. నిద్ర సరిగా పట్టలేదు. దిగిన తరువాత రెండు రోజులు బడలికగా ఉంది. సుఖంగా వెళ్ళామని అబద్ధం చెప్పను. కాని మూడవ రోజు ఉదయం మనవరాలి చెయ్యి పట్టుకొని వాళ్ళ వీధి చివరిదాకా నడిచాను. ఆ నడకలో మాస్టారు గుర్తుకు వచ్చారు.

ఆ రోజు నేను తల ఎత్తి చెప్పవలసిన మాట ఇది: "మాస్టారూ, నిశ్చింతగా వెళ్ళండి. మామూలు సీటే చాలు. నడవ పక్కన కూర్చోండి, నీళ్ళు తాగండి, రెండు గంటలకు ఒకసారి నడవండి. ఈ మేజోళ్ళు వేసుకోండి. మనవడిని ఎత్తుకొని వచ్చి, ఎలా ఉన్నాడో నాకు చెప్పండి."

ఆయనకు చెప్పలేకపోయాను. ఈ వేసవిలో సీటు ధర చూసి ప్రయాణం మానుకోవాలని ఆలోచిస్తున్న పెద్దలు మీ ఇంట ఉంటే, దయచేసి ఈ మాటలు వారికి చదివి వినిపించండి.

(ఇందులోని విషయాలు సాధారణ అవగాహన కోసం మాత్రమే. మీ వయస్సు, జబ్బులు, వాడుతున్న మందులను బట్టి మీ వైద్యుణ్ణి సంప్రదించి నిర్ణయం తీసుకోగలరు.)